పాఠంలో లేని మాటలు

ఫిబ్రవరి 3

అమ్మడూ,

ఒక సంగతి చెబుతాను, నవ్వకూడదు. నవ్వినా ఇక్కడికి వినపడదు కాబట్టి ఆపైన నీ ఇష్టం. నేను జర్మన్ క్లాసులో చేరాను.

మా కళ్లద్దాల షాపు పై అంతస్తులో టైపు ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఆ గది ఖాళీగా ఉండేది కదా. మొన్న నవంబరులో అక్కడ జర్మన్ క్లాసు పెట్టారు. మంగళవారం, శుక్రవారం సాయంత్రం ఐదింటికి పద్నాలుగు మంది ఒక్క గొంతుతో "ఇది బల్ల, ఇది కుర్చీ" అని జర్మన్‌లో అరుస్తారు. కింద నేను మనిషిని చార్టు ముందు కూర్చోబెట్టి అక్షరాలు చదవమంటే, ఆ మనిషి చార్టు వదిలేసి పైకప్పు కేసి చూస్తాడు. నెల రోజులు ఓపిక పట్టాను. తర్వాత ఒక శుక్రవారం, ఇవాళ అటో ఇటో తేల్చుకుందామని మెట్లెక్కాను. మాస్టారు నన్ను చూసి ఆలస్యంగా వచ్చిన స్టూడెంటు అనుకున్నట్టున్నారు. ఖాళీ కుర్చీ చూపించి, జర్మన్‌లో బల్ల మగదా ఆడదా అని అడిగారు. నెల రోజులుగా కప్పులోంచి వింటున్నదాన్ని, మగది అని చెప్పేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. పోట్లాడటానికి వెళ్లినదాన్ని ఫీజు కట్టి కిందికి దిగాను.

నా పక్క కుర్చీ ఒక లిఫ్టు మెకానిక్‌ది. ఆయన బాగుచేసే లిఫ్టుల పుస్తకాలన్నీ జర్మన్‌లోనే ఉంటాయిట. ఇరవై ఏళ్లుగా బొమ్మలు చూసి నెట్టుకొచ్చారట. ఇక బొమ్మలు వేయడం మానేశారు, చదవక తప్పదు అన్నారు.

మాస్టారిది ఒక పద్ధతి ఉంది. వారానికో ఉత్తరం జర్మన్‌లో రాయాలి. అయిపోయిన పాఠాల్లో ఉన్న మాటలే వాడాలి. నిజం జోలికి వెళ్లొద్దు, నిజం రాయబోతే మీ దగ్గరున్న మాటలు చాలవు అన్నారు. అందుకని నాకు ఐదుగురు పిల్లలు, నల్ల కుక్క, పెద్ద తోట ఉన్నాయని రాశాను. కంగారు పడకు, మూడో పాఠంలో అవే ఉన్నాయి. ఆ కాగితం ఇందులో పెడుతున్నాను. నీకు ఎలాగూ దిద్దడమే పని కదా, ఎర్ర సిరాతో దిద్ది మార్కులు వేసి పంపు. మొహమాటపడకు. పన్నెండేళ్లుగా నువ్వు చదువుతున్నదేమిటో చచ్చేలోగా కాస్తయినా తెలుసుకోవాలని నా ఆశ.

వేళకి తింటున్నావని నమ్ముతూ,
పిన్ని

ఫిబ్రవరి 13

పిన్నీ,

పదికి ఆరు. ముందు మార్కులు చెప్పి తర్వాత క్షేమం అడగడం ఈ ఉద్యోగంలో అలవాటైపోయింది, ఏమీ అనుకోకు. ఎలా ఉన్నావు?

నీ ఉత్తరం స్టాఫ్ రూములో చదువుతూ నవ్వు ఆపుకోలేకపోతే మా ప్రొఫెసరమ్మ కళ్లజోడు పైనుంచి చూశారు. నీ సంగతి చెప్పాను. ఆవిడకి నువ్వు తెగ నచ్చేశావు. అయినా ఎర్ర సిరా తగ్గించలేదు. ఐదుగురు పిల్లలు సరే, కుక్కని కూడా బడికి పంపించావేమిటి?

నేను చదువుతున్నదేమిటో అడిగావు కాబట్టి చెబుతాను. జర్మన్ ఒక్కటే కాదు, దాని అక్కచెల్లెళ్లందరితోనూ నాకు పనే. డచ్, ఫ్రీజియన్, డేనిష్, స్వీడిష్, ఐస్‌లాండిక్. ఇప్పుడు రాస్తున్న అధ్యాయం చుట్టరికాల మాటల మీద. పాత జర్మన్‌లో అమ్మ చెల్లెలికి ఒక మాట, నాన్న చెల్లెలికి ఇంకో మాట ఉండేవి, మనకి పిన్ని, అత్త ఉన్నట్టు. తర్వాత ఆ రెండూ మూలపడి ఇద్దరికీ కలిపి ఒక్క మాట మిగిలింది. డేనిష్, స్వీడిష్ వాళ్లు మాత్రం ఇప్పటికీ విడివిడిగానే పిలుచుకుంటారు. ఇద్దర్నీ ఒకే మాటతో పిలిస్తే నష్టమేమిటని ప్రొఫెసరమ్మ అడిగారు. మా వైపు అలా పిలిస్తే ఇద్దరూ అలిగి అన్నం మానేస్తారని చెప్పాను. దాన్ని అధ్యాయంలో ఎలా రాయాలో ఆలోచిస్తున్నాను.

మీ మాస్టారి పద్ధతి మంచిదే. వచ్చే వారం కాగితం పంపు.

నీ అమ్మడు

మార్చి 9

అమ్మడూ,

ఈ భాషలో అంకెలు చెప్పే తీరు చూస్తే వీళ్లు బజారుకి ఎలా వెళ్తారో అర్థం కాదు. యాభై రెండుని ముందు రెండు చెప్పి తర్వాత యాభై అంటారు. ఆ దెబ్బకి నిన్న ఒకాయన ఫ్రేము సైజు యాభై రెండు అని రాయబోయి ఇరవై ఐదు అని రాసి పంపాను. ఫ్రేములు పంపేవాళ్లు ఫోన్ చేసి, బొమ్మకా అమ్మా అని అడిగారు.

క్లాసులో సంభాషణలకి ఇద్దరిద్దరిని జట్టు కడతారు. నా జట్టు లిఫ్టాయన. ఇప్పటికి మేమిద్దరం ఒకసారి డాక్టరూ రోగీ అయ్యాం, ఒకసారి పోలీసూ దొంగా అయ్యాం, రెండుసార్లు భార్యాభర్తలం. దొంగ నేనే. ఆయన నెమ్మది మనిషి. వాక్యం మొదలుపెట్టాక చివర క్రియ దగ్గరికి చేరేసరికి మధ్యలో రెండుసార్లు ఆగుతారు. రోజూ జనాన్ని ఇంత త్వరగా పైకి చేరవేసే మనిషికి ఇంత ఆలస్యమేమిటని ఆటపట్టిస్తే, చేరడం ముఖ్యం కదండీ అంటారు. భార్య పోయి తొమ్మిదేళ్లట. మా బిల్డింగు లిఫ్టుకి ఈమధ్య ఏదో జబ్బు చేసిందని వారానికి రెండుసార్లు వచ్చి చూస్తున్నారు. నాకైతే అది బాగానే నడుస్తున్నట్టు కనిపిస్తుంది.

మొన్న వానకి షాపు బోర్డులో ఒక అక్షరం ఊడిపోయింది. పెయింటరు వస్తానని చెప్పి రాలేదు. తొమ్మిదో పాఠం కాగితం ఇందులో ఉంది. ఈసారి ఏడైనా వేయి.

పిన్ని

మార్చి 17

పిన్నీ,

ఈసారి మార్కుల్లేవు, తిట్లే.

"మా షాపు కాలిపోయింది. నేను నిచ్చెన మీంచి దూకాను. ఇప్పుడు ఆస్పత్రిలో ఉన్నాను." ఇది చదివిన మనిషి ఏమవ్వాలో ఒక్క క్షణం ఆలోచించావా? నీ తెలుగు ఉత్తరం విప్పకుండా ముందు ఆ కాగితమే చూశాను. నా పై ప్రాణాలు పైనే పోయాయి. క్లాసు మధ్యలో వదిలేసి స్టేషనుకి పరుగెత్తి, టికెట్టు కొని, అప్పుడు షాపుకి ఫోన్ చేశాను. నువ్వు తీసి, ఎవరికో రెండు పవర్ల అద్దం గురించి వివరిస్తూ, "ఒక్క నిమిషం ఆగమ్మా" అన్నావు. తర్వాత తాపీగా, తొమ్మిదో పాఠంలో నిప్పు, నిచ్చెన, ఆస్పత్రి వచ్చాయని చెప్పావు. మీరు చదివే పుస్తకం మా డిపార్ట్‌మెంటు బీరువాలో కూడా ఉందని ఇవాళే కనుక్కున్నాను. తీసి చూస్తే నిజమే, బకెట్టు కూడా ఉంది. నువ్వు దాన్ని వాడనేలేదు.

అందుకని ఇవాళ్టి నుంచి ఒక కట్టుబాటు. జర్మన్ కాగితం ఉత్త కాగితమే. అందులో నువ్వు చచ్చిపోయానని రాసినా, క్రియ సరైన చోట ఉందో లేదో చూసి మార్కులు వేసి పంపిస్తాను. ఒక్క ముక్క కూడా నమ్మను. అసలు కబుర్లేమైనా ఉంటే తెలుగులో రాయి.

టికెట్టు వెనక్కి తీసుకోలేదు వాళ్లు. అయినా నువ్వు బాగున్నావు, అంతే చాలు.

అమ్మడు

ఏప్రిల్ 20

అమ్మడూ,

తెలుగులో రాయడానికి ఈసారి పెద్దగా ఏమీ లేదు. షాపు బాగుంది, నేనూ బాగున్నాను. పెయింటరు వచ్చాడు కానీ ఊడిన అక్షరం బదులు పక్క అక్షరానికి రంగు వేసి వెళ్లాడు.

జర్మన్ కాగితం మాత్రం రెండు పేజీలయింది. నాలుగుసార్లు రాసి చింపేసి ఐదోసారి రాసింది. హడావుడిగా కాకుండా తీరికగా చదువు. చదివాక నీకేం తోస్తే అది ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వేమంటావో దాన్నిబట్టే చేస్తాను. నెలాఖరులోగా నీ జవాబు అందితే మంచిది.

ఒంట్లో జాగ్రత్త.
పిన్ని

ఏప్రిల్ 27

పిన్నీ,

పదికి ఎనిమిది! నూట ముప్పై పరీక్ష పేపర్ల కట్ట మధ్యలో నీ కాగితం దిద్దాను. నువ్వు పెట్టిన నెలాఖరు గడువు చూసి మా మార్కుల ఆఫీసు గుర్తొచ్చింది. కొత్త మాటలు ధైర్యంగా వాడావు, దానికే ఒక మార్కు ఎక్కువ వేశాను. చిన్న తప్పులు పదకొండు, అన్నిటి కిందా గీత గీశాను.

కథ మాత్రం నమ్మేలా లేదు. ఒక లిఫ్టు మెకానిక్కు మూడో అంతస్తుకీ నాలుగో అంతస్తుకీ మధ్య లిఫ్టు ఆపి, యాభై మూడేళ్ల ఆవిడని నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడుగుతాడు. ఆవిడ ఆలోచించుకుని చెబుతానంటుంది. పక్క కుర్చీ ఆయన్ని పాత్ర చేసేశావు, పాపం ఆయన చదివితే ఏమనుకుంటారు? ఇక ఆవిడ సంగతి. సొంత సంపాదన ఉంది, సొంత ఇల్లుంది, ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. ఆ వయసులో పెళ్లికి ఎందుకు ఒప్పుకుంటుంది? కారణం ఎక్కడా చూపించలేదు. "నాకు ఒప్పుకోవాలని ఉంది, కానీ మా అమ్మాయి ఏమంటుందోనని భయం" అన్న చోట క్రియలన్నీ చక్కగా కుదిరాయి, భావం మాత్రం సినిమాలో మాటలా ఉంది. అందుకని కొట్టేశాను. ఆవిడ వద్దని చెప్పేసి తన షాపు తెరుచుకోవడానికి వెళ్లిపోతే ముగింపు గట్టిగా ఉంటుంది.

నా అధ్యాయం సగమైంది. సెలవులకి జులైలో వస్తాను.

అమ్మడు

మే 4

అమ్మడూ,

నీ ఉత్తరం అందింది. మార్కులకి సంతోషం.

నువ్వు చెప్పింది నిజమే, ఆ వయసులో కారణం చూపించడం కష్టం. అందుకని నువ్వన్నట్టే ముగించాను. ఆవిడ వద్దని చెప్పేసింది. ఆయన సరేనండీ అన్నారు.

క్లాసు మానేద్దామనుకుంటున్నాను. సాయంత్రాలు షాపులో రద్దీ పెరిగింది. మా లిఫ్టు ఇప్పుడు బాగానే నడుస్తోంది, చూడటానికి ఎవరూ రానక్కర్లేదు. నువ్వు జులైలో వస్తే నీ కళ్లు కూడా ఒకసారి చూడాలి, అన్ని పేపర్లు దిద్దుతున్నావు.

పిన్ని

మే 11

పిన్నీ,

క్లాసు మానేస్తే ఊరుకోను. ఆరు నుంచి ఎనిమిదికి మూడు నెలల్లో ఎక్కిన స్టూడెంటు నాకిక్కడ ఒక్కరూ లేరు. రద్దీ అంటూ సాకులు చెప్పకు, సాయంత్రం ఐదింటికి మీ షాపులో ఎంతమంది ఉంటారో నాకు తెలియదా? పదేళ్లు అక్కడే కూర్చుని హోంవర్కు చేశాను.

ముగింపు మార్చానన్నావు, మరి ఆ కాగితం పంపలేదేం? మీ పుస్తకమే ఈ ఏడాది నుంచి మా మొదటి సంవత్సరం పిల్లలకి పెడుతున్నారు. నీ లిఫ్టు కథని వాళ్లకి నమూనాగా చదివి వినిపిద్దామని ఉంది. మంచి ప్రతి ఒకటి రాసి పంపు.

అమ్మడు

మే 24

పిన్నీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. షాపుకి మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ కస్టమర్లున్నారమ్మా అని పెట్టేశావు. అందుకని రాస్తున్నాను.

నీ కథ పిల్లలకి ఇచ్చే ముందు, అందులోని మాటలన్నీ పాఠాల్లో ఉన్నాయో లేదో చూడాలి కదా. నిన్న మధ్యాహ్నం నీ పాత కాగితం నకలు, పుస్తకం పక్కపక్కన పెట్టుకుని పెన్సిలుతో ఒక్కో మాటకీ టిక్కు పెడుతూ కూర్చున్నాను. మీ క్లాసు అప్పటికి పద్దెనిమిదో పాఠంలో ఉంది. ఆ పద్దెనిమిదిలో లిఫ్టు లేదు. భార్య పోయినవాడు అన్న మాట లేదు. ఒంటరితనం లేదు. ఒప్పుకోవడం, భయం ఉన్నాయి కానీ అవి ముప్పై తర్వాత పాఠాల్లో. మొత్తం పదిహేడు మాటలు పుస్తకంలో లేనివో, మీరింకా చేరనివో తేలాయి. అన్నీ నిఘంటువులో వెతుక్కుని రాశావు. షాపు తగలబెట్టడానికి, నిచ్చెన మీంచి దూకడానికి నువ్వు ఒక్కసారి కూడా నిఘంటువు తెరవలేదు. అబద్ధానికి పాఠం సరిపోయింది. ఈ కాగితానికి సరిపోలేదు. పెన్సిలు పక్కన పెట్టేసి నీకు మొదటిసారి ఫోన్ చేశాను.

నువ్వు నా సమ్మతి అడిగావు. నేను నీకు ఎనిమిది మార్కులు వేశాను. నా గురించి నువ్వు పడ్డ భయాన్ని సినిమా మాట అని కొట్టేశాను. జన్మలో ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

ఇంకొకటి కూడా దాచకుండా చెబుతాను. నిజమని తెలియగానే ముందు నాకు కోపమొచ్చింది, ఆ లిఫ్టాయన మీద. నాకు నాలుగేళ్లప్పటి నుంచి ఆ ఇంట్లో మనమిద్దరమే. నేను వచ్చినప్పుడు తలుపు తీసేది నువ్వొక్కదానివే అయ్యుండాలని అనిపించింది. చిన్నపిల్ల బుద్ధి. ఆ కోపం పోయాక ఏడుపొచ్చింది. నేనిక్కడికి వచ్చేసిన ఈ ఆరేళ్లలో సాయంత్రం షాపు మూశాక నువ్వు ఎవరితో మాట్లాడతావో ఒక్కసారి కూడా అడగలేదు.

కారణం చూపించలేదన్నాను. నీకు ఒప్పుకోవాలని ఉంది పిన్నీ, అదే కారణం. నా జవాబు తెలుగులో రాస్తున్నాను: ఒప్పుకో. వద్దని చెప్పేశానంటే మళ్లీ వెళ్లి చెప్పు. తప్పు నాదని నేనే వచ్చి ఆయనకి చెప్పమన్నా చెబుతాను.

నీ అమ్మడు

జూన్ 3

అమ్మడూ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, షాపులో అద్దాలు తుడిచే గుడ్డతో కళ్లు తుడుచుకున్నాను. నీ మీద నాకు కోపం లేదు. కట్టుబాటు నువ్వు పెట్టావు, తప్పింది నేను. కబురు తెలుగులో రాయమని చెప్పావు కదా. నాలుగుసార్లు చింపింది తెలుగు ఉత్తరాన్నే. తెలుగులో ఆ మాట రాయబోతే, నీకు జడలు వేసిన చెయ్యి, ఏం రాస్తున్నావే అని నన్నే అడిగినట్టుండేది. జర్మన్‌లో అయితే నేనెవరో ఒక ఆవిడని. ఆవిడకి సిగ్గు తక్కువ.

ఒకసారి వద్దన్నాక మళ్లీ ఏ మొహం పెట్టుకుని వెళ్లనని నాలుగు రోజులు తన్నుకులాడాను. మంగళవారం క్లాసుకి వెళ్లాను. ఆయన కిటికీ పక్క కుర్చీకి మారిపోయారు. మాస్టారికి ఇవేం తెలియవు కదా, ఎప్పటిలాగే ఇద్దర్నీ లేపి నిలబెట్టారు. ఆవేళ పాఠం పోస్టాఫీసు. ఆయనకి ఆరు స్టాంపులు అమ్మాను. ఆయన పుస్తకాన్ని చెయ్యి చాచినంత దూరం పట్టుకుని చదువుతున్నారు. నాకు ఇక ఆగలేదు. క్లాసయ్యాక, మీకు దగ్గరి చూపు తగ్గింది, కిందికి రండి, చూస్తాను అన్నాను. వచ్చారు.

కుర్చీలో కూర్చోబెట్టి, పవరు చూడటానికి పెట్టే ఇనప ఫ్రేము పెట్టాను. ఒక కన్ను మూసేసి, రెండో కంటికి అద్దం వేసి, చార్టు చదవండి అన్నాను. పై వరస కూడా చదవలేకపోయారు. నేను కంగారులో వేరే ఎవరిదో పవరు వేశాను. దాన్ని మార్చబోయి, మార్చకుండా, ఆయన వెనకాల నిలబడే చెప్పాను. "ఆరోజు మీకు చెప్పింది నా మాట కాదు. మీరు అడిగింది ఇంకా అలాగే ఉంటే, నాకు ఇష్టమే." అంతే, అచ్చ తెలుగులో.

ఆయన చేత్తో ఫ్రేము తడుముకున్నారు. తర్వాత, "ఇది తియ్యండి," అన్నారు. "దీంట్లోంచి నాకు చార్టూ కనపడటం లేదు, మీరూ కనపడటం లేదు. ఈ మాట అన్న మనిషి మొహం చూడాలి."

తీశాను. ఎదురుగా వచ్చి నిలబడమన్నారు, నిలబడ్డాను. మళ్లీ చెప్పమన్నారు, మళ్లీ చెప్పాను. రెండోసారి చెప్పడం తేలిక. పవరు చూడటం ఇద్దరం మరిచిపోయాం. దానికోసం మర్నాడు మళ్లీ వచ్చారు. ఒకటిన్నర వచ్చింది.

నువ్వు ఆయన మీద కోపమొచ్చిందని రాసిన ముక్క ఆయనకి చదివి వినిపించాను. రావలసిందే అన్నారు. నువ్వు వచ్చినప్పుడు తలుపు నేనే తీయాలని, ఆయన లోపల ఉంటానని ఒప్పందం చేసుకున్నాం.

నీకు నాలుగేళ్లప్పుడు నిన్ను భుజాన వేసుకుని ఈ ఇంటికి తెచ్చుకున్నాను. అప్పుడు నేనెవర్నీ అడగలేదు. తర్వాత కూడా నాకు ఏది కావాలన్నా ఎవర్నీ అడిగే అలవాటు లేదు. ఈ ఒక్కదానికి మాత్రం నిన్ను అడగకుండా అడుగు పడలేదు. ఎందుకో నాకూ తెలియదు. నువ్వు కాదంటే మానేసేదాన్నే, మానేశాను కూడా. కానీ ఆ మూడు వారాలు షాపులో ఏ అద్దం తుడిచినా మసగ్గానే ఉందమ్మడూ.

జూన్ ఇరవై ఎనిమిది, పదకొండు గంటలకి రిజిస్ట్రారు ఆఫీసులో తేదీ రాయించాం. జులై దాకా ఆగొద్దు, ముందు రోజే రా. సాక్షి సంతకం నీది. నువ్వు పెట్టాకే నేను పెడతానని ఆయనతో చెప్పేశాను.

పిన్ని